అంద్రెయ గారి లెక్క

మా ఆయన బర్నబాస్ గారికి దేవుడి మీద ఎంత నమ్మకమో, లంబకోణ త్రిభుజం మీద అంతకంటే పిసరెక్కువ నమ్మకం. ఆదివారం గుళ్లో పాస్టరు గారు త్రిత్వం గురించి చెమటలు కక్కుతూ ప్రసంగిస్తుంటే, ఈయన కీర్తనల పుస్తకం అట్ట మీద గోటితో మూడు గీతలు గీసుకుంటూ కూర్చుంటారు. అదేం పనండీ అని నేను గిల్లితే, మూడూ కలిసి ఒకటవడం ఇక్కడా ఉంది రాజమ్మా, పైగా ఇక్కడ రుజువు కూడా ఉంది అని నా చెవిలో గొణుగుతారు. ఆ గొణుగుడు నా చెవి దాటకపోబట్టి బతికిపోయాం గానీ, దాటితే మా లూథరన్ సంఘం పెద్దలు మమ్మల్ని రొట్టె, ద్రాక్షరసం దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు.

నేను ఎలిమెంటరీ బడి టీచర్ని. ఎక్కాలు, కూడికలు, తీసివేతలు, మహా అయితే భిన్నాలు, అంతటితో నా రాజ్యం సరి. తీటా అనేది నా బడి గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. అయినా ఈయనతో ఇన్నేళ్లు కాపరం చేశాక ఎవరికైనా ఆ మాత్రం ఒంటబడుతుంది. గోడకి నిచ్చెన ఆనిస్తే గోడా, నేలా, నిచ్చెనా కలిసి లంబకోణ త్రిభుజం. అందులో నిచ్చెన పేరు కర్ణం, నిచ్చెన నేలని తాకేచోట కోణం పేరు తీటా. ఈ మూడింటిలో ఏ రెండైనా తీసుకుని ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేవాటికి పెట్టిన పేర్లే సైనూ, కాసూ, కోసెక్కూ, కాటూ. వీటిని ఎడమ పక్క ఒక రకంగా, కుడి పక్క ఇంకో రకంగా పేర్చి, రెండూ ఒకటేనని నిరూపించమంటారు. ఇంతోటి దానికి టెంత్ పిల్లలు పరీక్ష ముందు జ్వరాలు తెచ్చుకుని మంచాలెక్కుతారు.

మా ఆయన బాపట్లలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కల మాష్టారుగా చేసి, ఎనభై తొమ్మిదిలో రిటైరయ్యారు. తర్వాత మేం రేపల్లెలో మా పుట్టింటి వైపుకి వచ్చేశాం. ఆ బడి పేరు చెప్పను. చెబితే అందులో పాఠం చెప్పినవాళ్లూ, చదువుకున్నవాళ్లూ కలిసి బస్సు మాట్లాడుకుని మరీ మా ఇంటి మీదకొస్తారు. ఆ బడికి ఒకప్పుడు హెడ్మాస్టరు, తర్వాత కరస్పాండెంటు, ఎప్పటికీ సర్వాధికారి అంద్రెయ గారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తెల్ల మీసం. చుట్టుపక్కల మాష్టార్లలో ఆయన దగ్గర చదువుకోని వాళ్లు తక్కువ. ఆయన రోడ్డు మీద కనిపిస్తే సైకిలు తొక్కుతున్నవాళ్లు దిగి నిలబడతారు. మా ఆయనయితే దిగి, సైకిలు స్టాండు కూడా వేసి, చేతులు కట్టుకుంటారు.

అంద్రెయ గారి బడిలో లెక్కల మాష్టారుగా చేరాలంటే డిగ్రీ కాయితాలు చూపిస్తే చాలదు. టెంత్ పిల్లల ముందు నిలబడి, బోర్డు మీద ఒక లెక్క చేసి చూపించాలి. ఆ లెక్క ఎప్పుడూ ఒకటే. బాపట్ల నుంచి రేపల్లె దాకా మాష్టార్లందరూ దాన్ని అంద్రెయ గారి లెక్క అనే అంటారు. ఎడమ పక్క కోసెక్ తీటా ప్లస్ కాట్ తీటా, ఆ మొత్తానికి వర్గం. కుడి పక్క పైన ఒకటి మైనస్ కాస్ తీటా, కింద ఒకటి ప్లస్ కాస్ తీటా. రెండూ సమానమని నిరూపించాలి. అంద్రెయ గారు ట్రెయినింగు చదివే రోజుల్లో ఎవరో చేస్తుంటే బోర్డు మీంచి దింపుకున్నారట. అప్పట్నుంచీ ఆయన ఆ లెక్క అడిగేవారే తప్ప చేసేవారు కాదు. ఎదుటివాళ్లు చేస్తుంటే కళ్లజోడు సర్దుకుని ఒక్కో లైనూ చూసి, చివర్లో "నిరూపించబడినది" అని తనే పైకి చదివి, ఉద్యోగం ఇచ్చేవారు. మా ఆయన 1963లో అలాగే చేరారు. ఆయన తర్వాత వచ్చిన కుమారి టీచరూ అలాగే చేరింది. ఆ బడి లెక్కల స్టాఫ్ అంతా ఆ ఒక్క లెక్క గుమ్మంలోంచి లోపలికి వచ్చినవాళ్లే.

ఇప్పుడు మా సారా సంగతి. సారా మా ఆఖరు పిల్ల. బీయస్సీ, బీయీడీ. తెనాలి స్టేషన్ దగ్గర బ్రహ్మయ్య గారి ట్యుటోరియల్లో టెంత్ తప్పిన పిల్లలకి లెక్కలు చెప్పేది. పొద్దున్నే రేపల్లెలో పాసింజరెక్కడం, సాయంత్రం ముఖం వేలాడేసుకుని దిగడం. బ్రహ్మయ్య గారికి చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది గానీ, ఐడియాలు మాత్రం ఆగలేదు. పై లైను ప్రశ్నలోనే ఉంది, కింద లైను కూడా ప్రశ్నలోనే ఉంది, మధ్యలో నాలుగు లైన్లు ఏవో ఒకటి గీకి, కింద నిరూపించబడినది అని రాసి చుట్టూ గడి కట్టండిరా, పేపర్లు దిద్దేవాడికి మాత్రం ఓపికెక్కడిది అని పిల్లలకి నూరిపోసేవారు. ఒకరోజు మా పిల్ల ఆయన్ని క్లాసులోనే ఆపి, దీన్ని లెక్క అనరండి, దొంగతనం అంటారు అంది. ఎవరి నోటి దురుసు వచ్చిందో నన్నడక్కండి. బ్రహ్మయ్య గారు ఆ సాయంత్రమే, వేసవి సెలవుల తర్వాత నువ్వు రానక్కర్లేదమ్మా అని చల్లగా చెప్పి పంపించేశారు.

ఆ పిల్లకి చేతిలో సుద్దముక్క లేకపోతే అన్నం సహించదు. సెలవుల్లో ఇంట్లో కూర్చుని పాలవాడికీ, కూరలామెకీ, చివరికి నాకూ పాఠాలు చెప్పడం మొదలెట్టింది. ఇంతలో జూన్‌లో, బడులు తెరిచిన వారంలో, అంద్రెయ గారి బడిలో మా ఆయన ఖాళీ చేసిన పోస్టుకే ఇంటర్వ్యూ అని కబురొచ్చింది. పర్మనెంటు పోస్టు, అచ్చంగా వాళ్ల నాన్న నిలబడిన బోర్డు. సారాకి కళ్లల్లో దీపాలు వెలిగాయి. నాకైతే ఆ ఉద్యోగం వస్తే మా ఇంట్లో శాంతి, రాకపోతే యుద్ధం. ఇంక వేరే ఆశేమీ పెట్టుకోలేదు.

సోమవారం ఇంటర్వ్యూ. ఆదివారం గుడి నుంచి వచ్చాక నేను వసారాలో పొయ్యి వెలిగించి గారెలు వేస్తున్నాను. తండ్రీ కూతుళ్లు పక్కనే గచ్చు మీద చతికిలబడి అంద్రెయ గారి లెక్క ముందేసుకున్నారు. సారా చకచకా నాలుగు లైన్లు రాసి ఆగిపోయింది. తుడిచి మళ్లీ రాసింది. మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు చేసినా కుడి పక్క తలకిందులుగా వస్తోందట, పైనుండాల్సింది కింద, కిందుండాల్సింది పైన. అప్పుడు గచ్చు మీద ఒక లంబకోణ త్రిభుజం గీసి, గోడ మూడడుగులు, నేల నాలుగు, నిచ్చెన ఐదు అని పేర్లు పెట్టి, తీటా బదులు అంకెలు వేసి చూసింది. కోసెక్ అంటే నిచ్చెన బై గోడ, ఐదు బై మూడు. కాట్ అంటే నేల బై గోడ, నాలుగు బై మూడు. రెండూ కలిపితే మూడు. దాని వర్గం తొమ్మిది. రెండో పక్క కాస్ అంటే నేల బై నిచ్చెన, నాలుగు బై ఐదు. దాన్ని ఒకట్లోంచి తీసేసి, ఒకటికి కలిపి, భాగించి చూస్తే వచ్చింది ఒకటి బై తొమ్మిది.

"నాన్నా, ఇది తప్పు లెక్క," అంది సారా.

మా ఆయన గారె తుంచి నోట్లో వేసుకున్నారు. అవునమ్మా, అక్కడ ప్లస్ కాదు, మైనస్ ఉండాలి అన్నారు, కూరలో ఉప్పు తగ్గింది అన్నంత తేలిగ్గా.

నేను చిల్లుల గరిటె పక్కన పెట్టాను. భిన్నాలు నా రాజ్యంలోవి. నా గిన్నెలో తొమ్మిది గారెలున్నాయి, ఒక గారెని తొమ్మిది ముక్కలు చేసి అందులో ఒక ముక్క మీకు పెడతాను, రెండూ ఒకటేనా అని అడిగాను. కాదు అన్నారు. మరి అరవై మూడులో ఒకటేనని చెప్పి ఉద్యోగం ఎలా తెచ్చుకున్నారు అన్నాను. ఆయన గచ్చు వైపు చూస్తూ మెల్లిగా చెప్పుకొచ్చారు.

ఆ రోజు బోర్డు దగ్గర మొదటి లైను రాసేదాకా ఆయనకీ తెలీదట. రెండో లైనుకి వచ్చేసరికి అర్థమైపోయింది. ఆ ప్లస్ మైనస్ అయితే తప్ప కిందదాకా వెళ్లలేం. సుద్దముక్క పట్టుకుని బిగుసుకుపోయారు. అదే క్షణంలో వెనక బెంచీలో ఎవరో పిల్లాడు గట్టిగా తుమ్మాడు. అంద్రెయ గారికి క్రమశిక్షణ పిచ్చి. క్లాసులో చీమ చిటుక్కుమన్నా ముందు దాని సంగతి తేల్చాలి. ఆయన వెనక్కి తిరిగి తుమ్మినవాణ్ణి నాలుగు దులిపి, మళ్లీ ఇటు తిరిగేసరికి ప్లస్ కాస్తా మైనస్ అయిపోయింది. తర్వాతి లైన్లన్నీ పూసల్లా జారిపోయాయి. ఆ తుమ్మిన పిల్లాడెవరో గానీ మా సంసారాన్ని నిలబెట్టాడు. తన వంతు వచ్చినప్పుడు కుమారి టీచరు డస్టరు కింద పడేసిందట. ఇంకొకాయన కుర్చీ జరిపాడట. స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు, అందరికీ తెలుసన్న సంగతీ అందరికీ తెలుసు, కానీ ఒక్కరూ పైకి అనరు. ఆయనేమో గురువు. ఆయన లెక్క తప్పంటే ఆయన్నే తప్పన్నట్టు.

నాకు ముందు నవ్వొచ్చింది. నూనెలో గారెలు మాడేదాకా నవ్వాను. ఆ తర్వాత ఒళ్లు మండింది. నా కాన్పులు, నా జబ్బులు, మా అత్తగారితో నా గొడవలు, అన్నీ ఈయనకి విప్పి చెప్పుకున్నాను. ఈయన మాత్రం ఇన్నేళ్లూ ఒక్క ప్లస్ గుర్తు నాతో చెప్పుకోలేకపోయారు.

సారా లేచి నిలబడింది. రేపు బోర్డు మీద ఇది తప్పని రాసేసి వస్తానంది. నేను దాని మీద విరుచుకుపడ్డాను. రాయి తల్లీ రాయి, రాసి మీ నాన్న పేరు బాపట్ల బజార్లో పెట్టి రా, ఎలా రుజువు చేశావయ్యా బర్నబాసూ అని వాళ్లు అడిగితే ఈయన ఏ ముఖం పెట్టుకుని గుడికెళ్తారు, నీ ఉద్యోగం పోతుంది, ఈయన పరువూ పోతుంది, మిగిలేది నీ తొమ్మిదో వంతు అన్నాను. న్యాయంగా మాట్లాడానని చెప్పను. అమ్మలా మాట్లాడాను.  మా ఆయన లేచి, గచ్చు మీది త్రిభుజాన్ని కాలితో చెరిపేసి, చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లారు. సారా ఆయన వీపు వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి, రెండో లైను దగ్గరేనా అమ్మా అని నన్నడిగింది. పోట్లాడకుండా అది నా మాట వినడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. దాంతో గెలిచాను గదాని నాకేం సంతోషం కలగలేదు.

ప్లాను నేనే వేశాను. సారా రెండో లైనుకి రాగానే వాళ్ల నాన్న కిటికీలోంచి గట్టిగా దగ్గాలి. అంద్రెయ గారు దగ్గు వైపు తిరుగుతారు. ఇది మైనస్ పెట్టేస్తుంది. మా ఆయనకి దగ్గు కరువేమీ లేదు, ఇన్నేళ్లు సుద్దపొడి మింగిన ఊపిరితిత్తులు. రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు దగ్గించి చూశాను కూడా.

సోమవారం పొద్దున్నే రేపల్లెలో బండెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగాం. సారాకి ముందు అబ్రహాము అని ఒక కుర్రాడి వంతు. చీరాల వైపు వాడు. మేం వరండాలో కూర్చుని చూస్తుండగానే లెక్క పూర్తి చేసేశాడు. రెండో లైను దగ్గర బల్ల కోడుకి కాలు తగిలి అబ్బా అని వంగిపోయాడు. అంద్రెయ గారు కంగారుపడి వాడి కాలు చూసేలోపు వాడి చెయ్యి పని చేసుకుపోయింది. ఆ కుర్రాడు పైకొస్తాడని నాకు అప్పుడే అనిపించింది.

తర్వాత సారాని పిలిచారు. గదిలో టెంత్ పిల్లలు, ముందు వరసలో కుర్చీ వేసుకుని అంద్రెయ గారు, గోడవారన కుమారి టీచరూ, మిగతా లెక్కల స్టాఫూ. మా ఆయనా నేనూ కిటికీ దగ్గర నిలబడ్డాం. కిటికీల్లోంచి చుట్టాలు చూడటం ఆ బడిలో మామూలే, ఎవరూ ఏమీ అనరు. సారా పిల్లలకి వినబడేలా చెబుతూ ముందు బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసింది. గోడ ఏది, నేల ఏది, నిచ్చెన ఏది అని వాళ్లనే అడిగి రాబట్టింది. నేను ఇంతమంది టీచర్లని చూశాను గానీ, పిల్లలతో అంత హాయిగా మాట్లాడేవాళ్లని చూడలేదు. కన్నకూతురని చెప్పడం లేదు. వెనక బెంచీ వాళ్లు కూడా మెడలు చాపుకుని వింటున్నారు.

మొదటి లైను రాసింది. రెండో లైను మొదలుపెట్టింది. ప్లస్ ఉండాల్సిన చోట సుద్దముక్క ఆనించి, ఒక్కసారి కిటికీ వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ట్యుటోరియల్లో అంత పెద్దాయన్ని ముఖం మీదే దొంగతనం అన్న పిల్ల, ఇప్పుడు వాళ్ల నాన్న దగ్గు కోసం బిక్కుబిక్కుమంటూ ఎదురు చూస్తోంది. నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. ఆయన గొంతు సవరించుకున్నారు. ఇంకేముంది, దగ్గుతారనుకుని సారా మైనస్ గీసేసింది.

"అమ్మాయ్, అది ప్లస్," అన్నారు మా ఆయన.

మెల్లిగానే అన్నారు, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు. కానీ గదంతా వినబడింది. అంద్రెయ గారు ఇటు తిరిగి, ఎవరది అని కళ్లజోడు సర్దుకుని, ఏంటి బర్నబాసూ అన్నారు. నేను మా ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఆయన నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకుని, గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి వెళ్లారు.

"మాష్టారూ, ఈ లెక్క తప్పండి. అమ్మాయిది కాదండి, లెక్కే తప్పు."

కుమారి టీచరు ఫ్యాను వైపు చూసింది. ఇంకొకాయన చేతి గడియారానికి కీ ఇవ్వడం మొదలెట్టాడు. మా ఆయన సారా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని త్రిభుజానికి మూడు, నాలుగు, ఐదు అని వేసి, నిన్న గచ్చు మీద సారా చేసినట్టే చేసుకుంటూ వెళ్లారు. ఎడమ పక్క తొమ్మిది. కుడి పక్క ఎంతరా అంటే పిల్లలు తొమ్మిదో వంతండీ అని ముక్తకంఠంతో అరిచారు. వాళ్లకేం, వాళ్లకి ఉద్యోగాలా, సద్యోగాలా. అంద్రెయ గారు లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, అంకెల మీద వేలు పెట్టి తనే ఒకసారి లెక్క చూసుకున్నారు. అయ్యాక మళ్లీ మొదటి అంకె దగ్గర్నుంచి చూసుకున్నారు. పెద్దాయన మీద నాకు జాలేసింది, అబద్ధం చెప్పను.

"ఇదే లెక్కని ఇదే బోర్డు మీద నువ్వే కదయ్యా నిరూపించావు?" అన్నారు ఆయన.

"అవునండి. నిరూపించమన్నారు, నిరూపించానండి. నిజమేనా అని మీరు అడగలేదండి."

అంద్రెయ గారు గోడవార స్టాఫ్ వైపు తిరిగారు. ముందు కుమారి టీచరు లేచి, నేనూ అంతేనండి అంది. తర్వాత గడియారం ఆయన. తర్వాత ఇంకొకాయన. మా సంఘంలో ఉజ్జీవ కూటాలప్పుడు ఒకరి తర్వాత ఒకరు లేచి సాక్ష్యం చెప్పినట్టే చెప్పారు, హల్లెలూయా ఒక్కటే తక్కువ. అబ్రహాము మాత్రం వరండాలోనే ఉండి కాలు రుద్దుకుంటున్నాడు. ఆ కుర్రాడికి ఎక్కడ లేవాలో ఎక్కడ కూర్చోవాలో బాగా తెలుసు.

ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు అని అంద్రెయ గారు మా ఆయన్ని అడిగారు.

"చెప్పినవాణ్ణి మీరు తీసుకునేవారా అండి?"

 "తీసుకునేవాణ్ణి కాదు," అన్నారు అంద్రెయ గారు.

ఆ మాటకి మాత్రం ఆయనంటే నాకు గౌరవం కలిగింది. అది ఎంతోసేపు నిలవలేదనుకోండి. ఆయన సారా వైపు తిరిగి, ఇది తప్పని నీకు తెలుసా అన్నారు. తెలుసండి అంది. మరి తెలిసీ ఎందుకు చేస్తున్నావు అన్నారు. ఉద్యోగం కావాలండి, మా నాన్న పేరు పోకూడదండి అంది. ఆ రెండు ముక్కలూ బోర్డు మీద రాసినంత విడివిడిగా చెప్పింది. పెద్దాయన కుర్చీలో కూలబడి, నిన్ను తీసుకుంటే వీళ్లు రోజూ నీ ముఖం చూస్తూ ఎలా పాఠం చెబుతారమ్మా, వీళ్ల ముఖం నేనెలా చూడను, ఆ ఇందాకటి అబ్బాయినే రమ్మంటాను అన్నారు.

నేను గుమ్మంలోకి వచ్చేశాను. "అన్నయ్యగారూ, తప్పుని ఒప్పు చేసినవాడికేమో కుర్చీ, తప్పుని తప్పన్నవాళ్లకేమో ఇంటిదారా?" అని అడిగాను.

 ఆయన, ప్రార్థన చేసుకుందాం అన్నారు. అందరూ ఠక్కున కళ్లు మూసుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండటానికి ఆ గదిలో అంతకు మించిన ఉపాయం ఎవరికీ తట్టలేదు. నేను మాత్రం కళ్లు తెరిచే నిలబడ్డాను. మా పిల్లా తెరిచే ఉంది. డస్టరు తీసుకుని బోర్డు మీద తను గీసిన ఆ మైనస్ ఒక్కటీ తుడిచి ప్లస్ చేసింది. మిగతాదంతా అలాగే వదిలేసి బయటికి వచ్చింది. ఆ తర్వాత ఆ బడిలో ఇంటర్వ్యూకి లెక్క అడగడం మానేశారట, బైబిల్లోంచి ఏదో ఒక వాక్యం చదివి ప్రార్థన చేయమంటున్నారట. ప్రార్థనలో ప్లస్సులు, మైనస్సులు ఎవరు చూడొచ్చారు.

బాపట్ల ప్లాట్‌ఫారం మీద తెనాలి బండి కోసం కూర్చున్నాం. తెచ్చుకున్న పులిహోర ఎవరూ ముట్టలేదు. నేను మాత్రం ఊరుకోలేదు. దగ్గమని చెప్పాను కదండీ, ఒక్క దగ్గు, మీ సొమ్మేం పోయింది, రాత్రంతా నా చెవి పక్కన ఊరికే దగ్గే మనిషి సమయానికి దగ్గలేకపోయారా, మీరు మాత్రం హాయిగా చేసుకుని, జీతం తీసుకుని, రిటైరై వచ్చారు, దాని దగ్గరికొచ్చేసరికి సత్యం గుర్తొచ్చిందా అని దులిపేశాను. స్టేషన్లో వేరుశనక్కాయలమ్మే ఆవిడ బుట్ట దింపుకుని మరీ విన్నది. 

"నా చేత్తో గీసినప్పుడు నాకు కనబడలేదు రాజమ్మా," అన్నారు మా ఆయన. "దాని చేత్తో గీస్తుంటే కనబడింది."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది. రేపట్నుంచి ఇది ఇంట్లో కూర్చుంటే చూడ్డానికి మీ కళ్లు సరిపోతాయా అన్నాను.  అప్పటిదాకా రైలు పట్టాల వైపు చూస్తున్న సారా ఇటు తిరిగింది. ఉద్యోగం పోయినందుకు తండ్రి మీద అరుస్తుందేమోనని నేను నా అరుపు ఆపాను, ఇద్దరం ఒకేసారి మీద పడితే ఆ మనిషి తట్టుకోలేడు.

"మీరు అనకపోతే నేను ఆ మైనస్‌తో చివరిదాకా వెళ్లిపోయేదాన్ని నాన్నా," అంది.

"తెలుసమ్మా. నేను వెళ్లాను కదా," అన్నారు మా ఆయన. "వెనక్కి రావడానికి ఇరవయ్యేడేళ్లు పట్టింది."

నా దగ్గర ఇంకా చాలా తిట్లు మిగిలే ఉన్నాయి. అన్నీ మింగేసి, పులిహోర విప్పి, ఇద్దరికీ పెట్టాను.